దూరానిదా, దగ్గరిదా

అన్నది ఫోనే కావచ్చు, అయినా అన్నట్టే కదా, అనుకున్నాడు రాయమల్లు. కెమెరా ముందు ముఖం పెడితే కళ్లద్దాల ఫ్రేము దానంతటదే వచ్చి ముక్కు మీద కూర్చుంది. కింద మరాఠీలో, ఇంతేసి అక్షరాలతో, ‘మీ ముఖానికి చక్కగా నప్పింది’ అని. తన ముఖం గురించి ఎవరైనా ఓ మాట అని ఎన్నేళ్లయింది? అది తేలేలోగానే వేలు కొనుగోలు మీటను నొక్కేసింది. ఇవాళ పొద్దున పార్సిల్ వచ్చింది. ఇక బజారుకెళ్లి అద్దాలు బిగించుకుని రావడమే పని.

తొందరకు కారణముంది. మాజ్రి బొగ్గుగనిలో రిటైరైన రాయమల్లుకు చంద్రపూర్‌లో నా అనేవాళ్లు లేరు. కానీ ఆ గల్లీలో తెలుగు చదవగలిగినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు తెలుగు మాట్లాడతారు, చదివింది మరాఠీ బడిలో. తెలంగాణ నుంచి పెళ్లిపత్రిక వచ్చినా, భూమి కాగితం వచ్చినా అతని తలుపే తట్టేవారు. చూపు మందగించాక “రేపు రా బిడ్డా” అని తప్పించుకుంటున్నాడు. రేపులు ఎక్కువయ్యేసరికి తలుపు చప్పుళ్లు తగ్గాయి. నిన్న ఎదురింటి సుభాషిణి ఒక కార్డు తెస్తే, రేపు సాయంత్రం తప్పకుండా చదువుతానన్నాడు.

అద్దాల దుకాణం మరాఠీ ఆసామి ఆన్‌లైన్ ఫ్రేమును చూసి, పక్కింట్లో వండిన కూరను తన చేత వడ్డించమన్నట్టు ముఖం పెట్టాడు. పేరు అడిగాడు. వయసు అడిగాడు. ఇంట్లో ఎంతమంది అని కూడా అడిగాడు. ఒక్కడినే అన్నాడు రాయమల్లు. కంటి డాక్టరు చీటీ చూస్తూ ఆసామి మళ్లీ అడిగాడు:

“దూర్‌చా కీ జవళ్‌చా?”

చీటీలో రెండు నంబర్లున్నాయి. అద్దం దూరపుచూపుకా, దగ్గరిచూపుకా అని అతని ప్రశ్న. రాయమల్లు మాత్రం చుట్టాల సంగతి అనుకున్నాడు. తనవాళ్ల గురించి అడిగే మనిషి ఇన్నాళ్లకు దొరికాడు.

“జవళ్‌చే కోణీ నాహీ,” అన్నాడు. దగ్గరివాళ్లు ఎవరూ లేరు. “దూర్‌చేచ్ ఆహేత్.” ఉన్నవాళ్లంతా దూరపువాళ్లే.

గోండ్‌పిప్రిలో మేనల్లుడున్నాడని కూడా చెప్పబోయాడు. అప్పటికే ఆసామి తలూపి, దూరపు అద్దాలు తీసి అరగదీయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం సుభాషిణి తన కూతురు హర్షితను వెంటబెట్టుకుని వచ్చింది.

“కాకా, కొత్త అద్దాలల్ల హీరో లెక్కున్నవ్ పో! గీ కార్డు ఏందో సూడు. మా చిన్నబాపు సారయ్య ఫొటో ఉన్నది, దండ గూడ ఏసిండ్రు. నాకైతే గుండె దడదడ అంటుంది.”

రాయమల్లు కార్డు దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్షరాలు చీమల్లా కదిలాయి. మళ్లీ రేపు రమ్మంటే ఇక ఎన్నటికీ రాదు. కళ్లు చికిలించాడు. పెద్దక్షరాల్లో ర, మ, ణ ఉన్నట్టున్నాయి, ఏది ముందో తెలియదు. దండ ఉండనే ఉంది.

“మరణ...” అని గొణిగాడు.

సుభాషిణి కేకకు గల్లీ అంతా కదిలింది. హర్షిత ఫోన్ చేసింది.

“ఎత్తుతలేడమ్మా.”

“పోయినోడు ఎట్ల ఎత్తుతడే!” అని తల్లి కొత్త రాగం అందుకుంది.

పక్కింటి పోశం ఊరికెళ్లే జీపు మాట్లాడటానికి పరుగెత్తాడు. రజిని చాయ్ పెట్టి తెచ్చింది. ఒకే కుర్చీ ఉన్న గదిలో పద్నాలుగు మంది కూర్చున్నారు.

“ఇంకేం రాసిండ్రు కాకా?”

“మంచోడని రాసిండ్రు,” అన్నాడు రాయమల్లు. ఎవరో అతని భుజం మీద చెయ్యి వేశారు. ఒక చావు వల్ల తన కడుపులో ఇంత వెచ్చగా ఉండటం తప్పని అతనికి తెలుసు. అయినా ఆ చెయ్యి కిందనుంచి భుజం తీయలేదు.

చుట్టాలకు పంపడానికి హర్షిత గుమ్మం దగ్గర కార్డును వెలుతురుకు ఎత్తిపట్టి ఫొటో తీస్తోంది. రాయమల్లు యథాలాపంగా అటు చూశాడు. అంత దూరం నుంచి ప్రతి అక్షరం కడిగినట్టు కనబడింది: ‘పదవీ విరమణ అభినందన సభ.’

సారయ్య పోలేదు. రిటైరయ్యాడు.

ఈ సంగతి ఇక్కడ తనొక్కడికే తెలుసు. రెండో విడత చాయ్ వస్తోంది. అది తాగాక చెబితే? జీపు వచ్చాక? భుజం మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది. సుభాషిణి గొంతు బొంగురుపోయింది.

రాయమల్లు అద్దాలు తీసి, మడిచి, లేచి నిలబడ్డాడు.

“ఏడ్వకు బిడ్డా. మీ చిన్నబాపు పోలే, రిటైరయిండు. దగ్గరిది నాకు కనబడదు. ఉత్తగనే సదివిన.”

సారయ్య బతికే ఉన్నందుకు అందరూ ఎంతో సంతోషించి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.