ఒక్కసారే అడగండి

జార్జియా వెళ్లినవాళ్లెవరైనా ప్యాంటు బొత్తాం పట్టక తిరిగొస్తారు. అక్కడికెళ్లి నాలుగు కిలోలు తగ్గి వచ్చిన మొదటి మనిషిని మన కజ్వీన్ ఊరు మొత్తానికీ నేనే. ఎలా తగ్గావు, ఏం తిన్నావు అని మీరంతా టీ తాగుతూ గుచ్చి గుచ్చి అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. తినడానికే వెళ్లి, తినకుండా వచ్చాను. అంతే సంగతి.

అసలు కథ డాక్టరు దగ్గర మొదలైంది. ఆయన అన్నది ఒక్క ముక్క, "కొవ్వు పెరిగింది, కాస్త నూనె తగ్గించండి" అని. మా ఆవిడ మహ్‌రోఖ్ బాలికల బళ్లో రసాయన శాస్త్రం చెబుతుంది. ఆ మర్నాటి నుంచి మా వంటింట్లో నూనె చుక్కల్లో పడుతోంది. నేను పెంచి చెప్పడం లేదు, బడి నుంచి గాజు గొట్టమే తెచ్చింది. కబాబ్ ఇల్లు వదిలి పోయింది, వెన్న పోయింది, వాటి గదిలో ఉడికించిన గుమ్మడికాయ కాపురం పెట్టింది. ఇది ఎనిమిది నెలలు నడిచింది.

మా నాన్న నాకు బహాదూర్ అని పేరు పెట్టేనాటికి మహ్‌రోఖ్ ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఆయన తొందరపడేవాడు కాదు.

ఎదురు తిరగడం మన వల్ల కాదు కాబట్టి ఎత్తు వేశాను. ట్రావెల్స్ వాళ్ల కాయితం ఒకటి కొట్లో నా చేతికొచ్చింది. జార్జియా కొండల్లో అయిదు రోజులు. స్థానిక వంటలు, ఎదుట కూర్చుని వినే పాటలు, ప్రకృతి అందాలు. వంటల బొమ్మ చూడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుబ్దారి అట. మాంసం, ఉల్లిపాయ, మసాలా కూరి కాల్చిన గుండ్రటి రొట్టె, పైన వెన్న కారుతోంది. పరదాల కొట్టువాణ్ణి, కత్తెర ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. వంటల బొమ్మ ఉన్నంతమేర నీటుగా కత్తిరించేసి, మిగిలిన కాయితం ఇంటికి తీసుకెళ్లాను.

"మహ్‌రోఖ్, పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, నిన్నెక్కడికీ తీసుకెళ్లలేదు. కొండలు, పచ్చదనం, మంచి గాలి. సాయంత్రం పాటలు కూడానట."

ఆమె కాయితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసింది. "ఈ కాయితానికి కిటికీ ఎవరు పెట్టారు?"

"ఎలక కొట్టినట్టుంది."

"నాలుగు మూలలూ కొలిచి కొట్టిందా? చదువుకున్న ఎలక."

నేను సీలింగు వైపు చూశాను. ఆమె కిటికీలోంచి నా వైపు చూసింది. "సరే, వెళ్దాం బహాదూర్ జాన్" అంది. పేరు చివర ముద్దుగా జాన్ తగిలించిందంటే ప్రమాదమని నాకు పెళ్లయిన ఏడాదే తెలిసింది, కానీ కుబ్దారి మత్తులో ఉన్నవాడికి హెచ్చరికలు చెవికెక్కవు.

నా ఎత్తులో రెండో భాగం మోకాలు. బయల్దేరే ముందు రోజు నుంచి కుంటడం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో దిగినవాళ్లంతా పొద్దున్నే కొండలెక్కుతారు. మహ్‌రోఖ్‌కి నడకంటే ప్రాణం. ఆమె కొండ మీద, నేను వంటింటి పక్కన. అయిదు రోజులు, రోజుకో కుబ్దారి, ఎవరి దారి వాళ్లది.

మేం దిగిన ఇల్లు ఎతేరి అనే ఆవిడది. అరవై దాటిన మనిషి, ఒక్క చేత్తో పిండి బస్తా ఎత్తుతుంది. ఆమె అల్లుడు జాజా పదేళ్లు టెహ్రాన్‌లో టైల్సు పరిచి వచ్చాడు, మన భాష మనకంటే బాగా మాట్లాడతాడు, మర్యాదగా ఆగా అనే పిలుస్తాడు. అతిథుల్ని జీపులో కొండ మొదటిదాకా దింపి వచ్చి, రోజంతా ఇంట్లోనే ఉంటాడు.

మొదటి రోజు పొద్దున మహ్‌రోఖ్ బూట్లు కట్టుకుని, జాజాని పక్కన పెట్టుకుని ఎతేరితో రెండు నిమిషాలు ఏదో మాట్లాడింది. ఎతేరి గుండెల మీద చెయ్యి వేసుకుని నా వైపు ఎంతో గౌరవంగా చూసింది. ఒక మంచి మనిషిని చూసినట్టు చూసింది. నాకు సంతోషమే వేసింది.

అందర్నీ కొండ దగ్గర దింపి జాజా తిరిగి రాగానే ఎతేరి పళ్లెం పట్టుకుని వచ్చింది. కుబ్దారి. పొగలు. వెన్న అంచుల మీంచి జారుతోంది. జాజా అడిగాడు, "మీరు తింటారా అని అడుగుతోంది అత్తయ్య, బహాదూర్ ఆగా."

మీరైతే ఏమంటారు? అదే అన్నాను. "అయ్యో, ఎందుకమ్మా శ్రమ, వద్దు."

మనవాళ్లలో పుట్టినవాడెవడైనా మొదటిసారి అడగ్గానే తింటానంటాడా? మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి, మూడోసారి బతిమాలితే "మీరు ఇంతగా అంటున్నారు కాబట్టి" అని కుర్చీ దగ్గరికి జరుపుకోవడం. నేను రెండో పిలుపు కోసం రుమాలు కూడా మెడలో దోపుకున్నాను.

ఎతేరి తల ఊపింది. పళ్లెం వెనక్కి తీసుకెళ్లి జాజా ముందు పెట్టింది. వాడు నా ఎదురుగా కూర్చుని, వేళ్లు నాకుతూ, మొత్తం తిన్నాడు.

"చాలా బాగుంది, ఆగా. మీకు ఇష్టం లేకపోవడం మా దురదృష్టం" అన్నాడు.

కాసేపటికి ఎతేరి నా ముందు ఒక గిన్నె పెట్టింది. ఈసారి అడగలేదు, పెట్టేసింది. ఉడికించిన గుమ్మడికాయ. మూడు దేశాల సరిహద్దులు దాటి నా వెనకే వచ్చింది.

విచిత్రమేమిటంటే, మిగతా అతిథుల్ని ఆవిడ వదిలేది కాదు. పోలండు నుంచి వచ్చిన బక్కపలచటి కుర్రది చాలు చాలంటున్నా, ఆ పిల్ల దవడలు పట్టుకుని కుక్కింది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాట, ఒక్క తల ఊపు. నాకేమైనా అంటుజబ్బు ఉందేమోనని ఒళ్లు చూసుకున్నాను.

రెండో రోజు దారి మార్చాను. వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఆహా, ఏం వాసన!" అన్నాను.

ఎతేరి మొహం వెలిగింది. జాజా అడిగాడు, "తింటారా?"

"అబ్బే, వాసన గురించే అన్నాను."

ఒట్టు, ఆ మాట నేననలేదు. నా నాలుక అంది. మా అమ్మ చిన్నప్పుడు దానికి శిక్షణ ఇచ్చింది, ఇప్పుడది నా మాట వినదు. జాజా మళ్లీ కూర్చున్నాడు. సాయంత్రం మహ్‌రోఖ్ బుగ్గలు ఎర్రబడి, పూలు పట్టుకుని దిగి వచ్చింది.

"మోకాలెలా ఉంది?"

"ఏదో, అలాగే."

"భోజనం?"

"కడుపు నిండా" అన్నాను. అప్పుడే కడుపు గుర్రుమంది. అది అరుగుదల చప్పుడని చెప్పాను.

మూడో రోజు పొద్దున్నే గదిలో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. అవును. తింటాను. అవును, పెట్టండి. జార్జియా భాషలో అవునుకి "కి" అంటారని పోలండు పిల్ల దగ్గర నేర్చుకున్నాను. యాభై నాలుగేళ్ల మగాణ్ణి, నా పరువు ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. కి, కి, కి అని అంటూ ఉండగా వెనక తలుపు తెరుచుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది మహ్‌రోఖ్.

"మోకాలితో."

"ఏమంటోంది?"

"అవునంటోంది."

ఆమె వంటింటి వైపు వెళ్లింది. ఆ వెళ్లడం చూసైనా నాకు బుద్ధి రావలసింది. ఆ తర్వాత ఎతేరి నన్ను తింటారా అని అడగడమే మానేసింది.

నాలుగో రోజు సాయంత్రం ఇంట్లో విందు. ఎతేరి మరుదులు ముగ్గురు పాడటానికి వచ్చారు. ఒకడు లావు గొంతు, ఒకడు మధ్య గొంతు, ఒకడు కొండకొమ్మున నిలబడి కేక వేసినట్టు. మూడు గొంతులూ మూడు దారుల్లో పోయి, ఒక్కచోట కలిసినప్పుడు గోడ మీద పళ్లేలు మోగాయి. గొప్ప పాట అని ఇప్పుడు అనగలను. ఆ వేళ మాత్రం పాట నడుస్తుంటే ఎవరూ తినకూడదట. వాళ్ల దగ్గర పాటలు చాలా ఉన్నాయి. బల్ల మధ్యలో ఏడు కుబ్దారిలు చల్లారిపోతున్నాయి. మూడో పాటకి నా కళ్లు తడిస్తే, సంగీతం తెలిసిన మనిషని ఆ లావు గొంతువాడు నన్ను కావిలించుకున్నాడు.

పాట ఆగింది. ఎతేరి లేచి నిలబడి, నేరుగా నా వైపు తిరిగి ఏదో అడిగింది. అందరూ నా వైపు చూశారు. జాజా నోరు తెరిచాడు. వాడు అనువదించే లోపల నా నాలుక అడ్డం తిరుగుతుందని నాకు తెలుసు. దానికి ఆ అవకాశం ఇవ్వలేదు. కుర్చీ వెనక్కి తన్ని లేచాను.

"కి! కి! కి! సంతోషంగా! ఎప్పుడెప్పుడా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను!"

ఇల్లు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. మరుదులు నన్ను భుజాలు పట్టి ఊపారు. పోలండు పిల్ల ఏడ్చింది. మహ్‌రోఖ్ మాత్రం తీరిగ్గా రుమాలు మడత పెడుతోంది.

"ఏమడిగింది?" అన్నాను జాజాతో, చెయ్యి అప్పటికే రొట్టె వైపు చాచి.

"రేపు మాతో పాటు కొరుల్ది చెరువుల దాకా ఎక్కుతారా అని. నిట్టనిలువు ఎక్కుడు, ఆరు గంటలు. మోకాలు బాగాలేకపోయినా అది మీ చిరకాల వాంఛ అని మహ్‌రోఖ్ అమ్మగారు చెప్పారు."

చాచిన చేతిని ఎతేరి ఆప్యాయంగా పట్టుకుని, బల్ల మీంచి తీసి, నా ఒళ్లో పెట్టింది.

"ఎక్కేవాళ్లు ముందు రోజు తేలిగ్గా తినాలట" అన్నాడు జాజా, నా పక్కనున్న ముక్క తన పళ్లెంలోకి లాక్కుంటూ.

ఏం తెచ్చిందో చెప్పాలా? గుమ్మడికాయే.

మర్నాడు ఎక్కాను. ఎడమ కాలితో కుంటాలా, కుడి కాలితోనా అన్నది రెండో మలుపులోనే మర్చిపోయాను, తర్వాత రెండూ నిజంగానే పట్టేశాయి. దారంతా మంచు తెర, ముందు నడిచే మనిషి వీపు తప్ప ప్రకృతి అందాలు ఏవీ కనపడలేదు. పైకి చేరాక మాత్రం ఎవరో తెర లాగినట్టు మబ్బు పక్కకి పోయింది. నేను జీవితమంతా పరదాలు అమ్మాను, అలాంటిది ఒక్కటి అమ్మలేదు. చెరువు, అందులో తలకిందులుగా తెల్లటి కొండ, గడ్డి నిండా పసుప్పచ్చని పూలు. బాగుంది. ఆకలితో చస్తున్నా బాగుంది.

మహ్‌రోఖ్ నా పక్కన కూర్చుని సంచీలోంచి మూట తీసి విప్పింది. రెండు కుబ్దారి ముక్కలు. 

"మొదటి రోజు పొద్దున ఎతేరితో ఏం చెప్పావు?" అని అడిగాను.

"నిజమే చెప్పాను. మా ఆయన నిజాయతీపరుడు, ఒకసారి వద్దంటే వద్దనే, మళ్లీ అడిగితే అవమానంగా భావిస్తాడు, కాబట్టి ఒక్కసారే అడగండి, వద్దంటే గుమ్మడికాయ ఉడికించి పెట్టండి అన్నాను."

"అది మోసం! మన దేశంలో ఎవరైనా ఒక్కసారి అడిగి ఊరుకుంటారా?"

"ఊరుకుంటారు."

"ఎవరు?"

"నువ్వు."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"మీ అన్నయ్య వస్తే ఏడుసార్లు అడుగుతావు. పక్కింటి హష్మత్ ఆగాని చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెడతావు. ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి కూడా మూడుసార్లు బతిమాలతావు. గిన్నె అడుగున ఎర్రగా వేగిన అన్నం పెచ్చు చివరి ముక్క మిగిలితే, మహ్‌రోఖ్ నీకా అంటావు. వద్దులే, నువ్వు తిను అంటాను. నా మాట పూర్తయ్యేలోపే నీ నోట్లో కరకరలాడుతుంది. ఇరవై ఆరేళ్లు, బహాదూర్. ఒక్కనాడైనా రెండోసారి అడిగావా?"

జాన్ అనలేదు. అందుకే భయం వేసింది. కాదని చెప్పడానికి ఒక్క రోజైనా గుర్తొస్తుందేమోనని వెతికాను. మా పెళ్లినాటి విందు దాకా వెళ్లి వెతికాను, అక్కడా చివరి ముక్క నేనే తిన్నాను. సిగ్గేసింది. ఊరికే అనడం లేదు, నిజంగానే సిగ్గేసింది.

ఆమె మూట నా చేతిలో పెట్టింది. "ఇదిగో. నువ్వే పంచు."

వెన్న వాసన ముక్కులోంచి తిన్నగా మోకాళ్ల దాకా పోయింది. "నువ్వు తిను మహ్‌రోఖ్" అన్నాను.

"వద్దు, నువ్వు తిను."

నా చెయ్యి నోటి వైపు సగం దూరం వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపడానికి పడ్డ పాటు ముందు ఆ ఆరు గంటల ఎక్కుడు ఏపాటిది!

"కాదు, తిను."

"అబ్బే, నాకు ఆకలి లేదు."

"నా కోసం. ఒట్టు. నువ్వు తింటేనే నాకు తృప్తి."

"నువ్వు ఇంతగా అంటున్నావు కాబట్టి" అని ఆమె మూట తీసుకుంది. మొదటి ముక్క కొండని చూస్తూ తింది. రెండో ముక్క చెరువుని చూస్తూ తింది. రెండో ముక్క సగంలో నా వైపు తిరిగి, "నీకు?" అంది.

"అయ్యో, వద్దు, నువ్వు తిను" అన్నాను. ప్రేమతో అన్నానని మీకు చెబుదామనే ఉంది. కానీ అది నా నాలుకే.

ఆమె రెండోసారి అడగలేదు.