కుట్టు కనిపించని ఆపరేషన్

ఆస్పత్రి పిల్లల వార్డు వరండాలో సమావేశమైన బంధువర్గం, ఆరు నెలల బాబుకు అసలు ఆపరేషనే జరగలేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. కోత లేదు, కుట్టు లేదు, ఇంకేం ఆపరేషను? కుట్టు లేని చోట కుట్ర ఉండి తీరుతుందని పెదమామగారు సవరణ ప్రతిపాదించగా అదీ నెగ్గింది.

జరిగింది ఇది. ముక్కుకూ మెదడుకూ మధ్య ఉండే ఎముకలో బాబుకు పుట్టుకతోనే చిన్న కంత. మెదడు చుట్టూ ఉండే నీరు అందులోంచి దిగి ముక్కులోంచి కారేది. బంధువులు దాన్ని జలుబుగా గౌరవించి తలా ఒక వైద్యం చేశారు. చివరికి ఒక కుర్ర డాక్టరు, తల జోలికి పోకుండా, సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి లోపల్లోపలే కంతకు అతుకు వేశాడు. పాపం, ముక్కుసూటి మనిషి.

"అమ్మా, అతుకు ఇంకా పచ్చిగా ఉంది," అని తల్లిని హెచ్చరించాడు. "బాబు గుక్కపట్టి ఏడిస్తే ఊడిపోతుంది. మళ్లీ మొదటికొస్తాం. ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి."

రానివ్వకపోవడానికి వాళ్లేమన్నా పరాయివాళ్లా? చుట్టాలు! వంతులవారీగా వచ్చి ఫోన్ లైటు వేసి ముక్కు తనిఖీ చేశారు. ఏమీ కనపడక తమ ముక్కుల మీద వేలేసుకున్నారు. మేనత్త తుమ్ము ఆపుకొని ఆపుకొని, ఆపుకోలేక వార్డంతా దద్దరిల్లేలా తుమ్మింది. బాబుకు కోత లేదు గానీ పెదమామగారి కోతలకు కొదవ లేదు. చొక్కా పైకెత్తి తన పొట్ట మీది మచ్చను ప్రజల సందర్శనార్థం ఉంచారు.

"చూడమ్మాయ్, జానెడు! ఆపరేషనంటే ఇదీ. మీ డాక్టరు ముక్కు తుడిచి పంపేశాడు!"

"మామయ్యగారూ, కాస్త మెల్లగా... బాబు లేస్తాడు."

"లేవనీ. ఏడిస్తే గుండెకు బలం!"

బాబు కింది పెదవి వణికింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. వాణ్ని భుజాన వేసుకొని నర్సు గదిలోకి పరుగెత్తింది.

"సిస్టర్, వీడి తలకో కట్టు కట్టండి."

"తలకేం కాలేదు కదమ్మా!"

"తల కోసం కాదు. చుట్టాల కోసం చుట్టండి."

నర్సు నవ్వాపుకొని, దూదీ గుడ్డా కలిపి, వదులుగా టోపీలా, గుమ్మడికాయంత కట్టు పెట్టింది.

ఇక చూడండి! వరండా మూగబోయింది. జనం చెప్పులు చేతబట్టుకొని మునివేళ్ల మీద నడిచారు. తుమ్మొస్తే మేనత్త వీధి చివరికి వెళ్లి తుమ్మి వచ్చేది. పెదమామగారు సైతం సైగలతోనే ఉపన్యసించారు. బాబు హాయిగా నిద్రపోయాడు. కొన్నాళ్లకు డాక్టరు మళ్లీ గొట్టం పెట్టి చూసి "అతుక్కుందమ్మా!" అన్నాక తల్లి భోరున ఏడ్చింది. ఏడవొద్దని ఆంక్ష ఆమెకు లేదు గనక.

వెంటనే వరండాలో సన్మానసభ. "ఇంత ఘనమైన కట్టును మా వంశంలో ఎవరూ పొంది ఎరగరు," అని పెదమామగారు గుసగుసగా ప్రసంగించి, పూలగుత్తి నర్సుకు అందజేశారు. వెనక వరసలో నిలబడ్డ డాక్టరు చప్పట్లు కొట్టబోతే, బాబు లేస్తాడని పక్కవాళ్లు చేతులు పట్టుకున్నారు.

నిజం చెప్పేద్దామని తల్లి నోరు తెరిచింది. ఒళ్లో బాబు కదిలాడు. మూసుకుంది.

పెదమామగారు వెళ్తూ వెళ్తూ డాక్టరు భుజం తట్టారు.

"దిగులు పడకు బాబూ. చిన్నవాడివి. కష్టపడితే ఏదో ఒకరోజు నువ్వూ కోస్తావు."