ఉలవ కషాయం, ఆరు కేజీలు

జెసింతా ఈస్టరు దాకా ఉండదని ధాన్యం అంగడి గుండప్ప పెండ్లాం భాగీరథి చెప్పిందని, మునిలక్ష్మమ్మ కొళాయి దగ్గర తన రెండు బిందెలు నిండేలోగా నలుగురికి చెప్పింది.

"ఏడు దినాల్లో ఆరు కేజీలు కరిగిపోయినాదంట. మొగమంతా పచ్చగా ఉండాదంట. భాగీరథమ్మ కండ్లారా చూసినాది. కాటాకేమమ్మా, అబద్ధం చెప్పి అది ఏం బాగుపడతాది?"

విన్న నలుగురూ నీళ్లతో పాటు ఆ మాటనూ ఇళ్లకు మోసుకుపోయారు.

ఆ సమయానికి జెసింతా, కొళాయికి ఇరవై అడుగుల దూరంలో, తన ఇంటి వెనక పొయ్యి మీద ఉలవలు ఉడకబెట్టుకుంటూ నిక్షేపంగా ఉంది. బంగారు గని కూలీలకు గోడకు గోడ కలిపి కట్టిన కోరమండల్ లైను ఇళ్లలో ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లో చల్లగా ఉండమని దీవిస్తారు. కానీ తన చావు కబురు మాత్రం ఆమెకు వినిపించలేదు. ఉలవలు గట్టిగా ఉడుకుతున్నాయి.

అసలు సంగతి క్రిస్మస్ నాడు మొదలైంది. జనవరి మూడో ఆదివారానికి జెసింతా, ఏసురత్నాల పెళ్లికి పాతికేళ్లు. చర్చిలో పూజ, తరవాత ఫోటో. పెళ్లినాటి చీరే కట్టుకుంటానని జెసింతా అంటే, ఆడబిడ్డ ఏంజెలిన్ కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ, "చీరదేముంది, దిండుకు కూడా చుట్టచ్చు. రవిక పట్టాల గదా!" అంది. అదీ పదిమంది ముందర.

"అదే రవిక తొడుక్కోని పీఠం ముందర నిలబడతా వదినా. నువ్వు ముందు బెంచీలో కూచోని చూడు" అనేసింది జెసింతా. మాట నోరు దాటింది. రవిక మాత్రం మోచేయి దగ్గరే ఆగిపోయింది.

సన్నబడే మాత్రల జోలికి ఆమె పోదలచుకోలేదు. కిందటేడు ముఖం తెల్లబడే క్రీము రాసి, పది రోజులు బుగ్గలకు తడిగుడ్డ వేసుకుని కూర్చున్న మనిషి. అందుకని ఈసారి అంతా అమ్మమ్మల దారి. పొద్దున ఉలవ కషాయం, మధ్యాహ్నం రాగి అంబలి, సాయంకాలం, గని పారబోసిన మట్టి పోగుపడిన సైనైడ్ దిబ్బల దాకా నడక. ఆ దిబ్బల దుమ్ముకు మొరటుబారిన ముఖానికి పెసరపిండి, పసుపు. కస్తూరి పసుపు దొరకలేదు. పసుపు పసుపే కదా అని కూరలో వేసేదే మెడ దాకా దట్టంగా పట్టించింది. అది కడిగినా పోయే రకం కాదు.

ఇంట్లో బరువు చూసుకునే మిషన్ లేదు. అందుకని శనివారం శనివారం బజారుకు వెళ్లి, గుండప్ప అంగడిలో మూటలు తూచే కాటా ఎక్కేది. మొదటి శనివారం డెబ్బై నాలుగు. ఆ వారంలోనే కొత్త రాగులు వచ్చాయి. కామసముద్రం వైపు నుంచి బండ్లు వరసకట్టాయి. అమ్మే పని పక్కన పెట్టి గుండప్ప కొనే పనిలో పడ్డాడు. రెండో శనివారం ఆ సందట్లోనే కాటా ఎక్కితే ముల్లు అరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

జెసింతా దిగి, మళ్లీ ఎక్కింది. అరవై ఎనిమిదే.

"ఏమప్పా, సరిగా ఉండాదా ఇది?"

"ఉలవలు యాడివమ్మా? మా అంగడివే గదా. ఇంగ చెప్పేదేముంది!" అన్నాడు గుండప్ప, కాటా వైపు చూడకుండా.

గల్లా దగ్గర కూర్చున్న భాగీరథి ఆమె పచ్చటి ముఖం చూసింది, తగ్గిన తూకం చూసింది. రెండూ కలిపింది. కామెర్లు, అదీ ముదిరినవి.

జెసింతా గాల్లో తేలుతూ ఇంటికి వచ్చి రవిక తొడిగింది. మోచేయి దగ్గర ఆగింది. ఆరు కేజీలు తగ్గిన మనిషికి రవిక పట్టకపోవడం ఏమిటి? కాసేపు ఆలోచించి, పాతికేళ్లు ట్రంకు పెట్టెలో ఉండి గుడ్డే ముడుచుకుపోయిందని తేల్చుకుని, కషాయం ఇంకో గ్లాసు పెంచింది.

గని నడిచే రోజుల నుంచి ఆ లైనులో ఒక కట్టడి ఉంది. ఒక ఇంట్లో మనిషి మంచాన పడితే ఆ ఇంటి పొయ్యి వెలగనివ్వరు, తలా ఒక పూట వండి తెస్తారు. ఇంకొకటి, రోగం పేరు రోగి ముందర ఎత్తరు. గని మూతపడి ఎనిమిదేళ్లయినా కట్టడి మూతపడలేదు. సోమవారం మేకకాళ్ల సూపు వచ్చింది. మంగళవారం సంగటి, నాటుకోడి పులుసు. బుధవారం బిరియానీ, దాని వెనకే కొబ్బరి కేకు.

పాతికేళ్ల పండగకు ముందస్తు మర్యాదలనుకుంది జెసింతా. వద్దంటే నొచ్చుకుంటారు.

"తినమ్మా, తినగలిగినప్పుడే తినాల" అంది మునిలక్ష్మమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

"మీ అందరి ప్రేమ చూస్తుంటే నాకూ ఏడుపొస్తా ఉండాదక్కా" అని జెసింతా ఇంకో ముక్క వేసుకుంది.

ఏసురత్నం ఒకప్పుడు గనిలోకి మనుషులను దించి ఎక్కించే వైండింగ్ ఇంజన్ నడిపినవాడు. ఇప్పుడు తెల్లవారుజాము రైలు బండికి బెంగళూరు పోయి, ఒక అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడి, సాయంత్రం బండికి వస్తాడు. ఇంటి వార్తలు అతనికి బండిలోనే తెలుస్తాయి. శుక్రవారం సాయంత్రం, రోజూ పేకాటలో అతన్ని పొట్లాడి ఓడించే నంజుండప్ప లేచి, "ఇట్ల కూచో అప్పా" అని కిటికీ సీటు ఇచ్చాడు. ఎనిమిదేళ్లలో ఆ బండిలో ఎవరూ ఎవరికీ కిటికీ సీటు ఇవ్వలేదు. ఏసురత్నం కూర్చోకుండానే అడిగాడు.

"ఏమైంది?"

"ధైర్యంగా ఉండల్ల. మా చిన్నమ్మకూ ఇట్లే... మొదట పచ్చబడినాది."

అతను అరడజను ఆపిల్ పండ్లు పట్టుకుని, స్టేషన్ నుంచి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల ఫాదర్, రోగులకు పూసే పవిత్ర తైలం సీసాతో కూర్చుని ఉన్నాడు. ఏంజెలిన్ మూల నిలబడి జపమాల తిప్పుతోంది. ఎదురుగా జెసింతా, పూజ ఏర్పాట్లు మాట్లాడడానికే ఫాదర్ వచ్చాడనుకుని, అతనికి కేకు కోస్తోంది.

"మనసు సిద్ధంగా ఉందా తల్లీ?" అన్నాడు ఫాదర్ మెల్లగా.

"ఎప్పుడో సిద్ధం ఫాదర్. రవిక ఒకటే ఇంకా సిద్ధంగా లేదు."

ఫాదర్ సీసా మూత తీయబోయి ఆగాడు. ఏసురత్నం ఆపిల్ పండ్లు కింద పడేసి పెళ్లాన్ని పట్టుకుని, "నన్నిడిచి పోతావా జెసీ!" అని భోరుమన్నాడు. అప్పుడు బయటపడింది కట్టడి దాచిన సంగతంతా. జెసింతా నిమ్మచెక్క తెచ్చి బుగ్గ బరబరా రుద్ది చూపించింది.

"పసుపిది! రోగం గాదు! ఆరు కేజీలు నేను కష్టపడి తగ్గించినాను. మీకు కండ్లమంటనా?"

అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు పొద్దున ఫాదర్ వాళ్లను సిస్టర్ల మందుల గదికి తీసుకుపోయాడు. అక్కడి సిస్టర్ జెసింతా కళ్లు చూసింది, నాలుక చూసింది, మిషన్ ఎక్కించింది.

"కామెర్లూ లేవు, ఏమీ లేవు. డెబ్బై ఐదు ఉన్నావు. ఉలవలు మంచివేనమ్మా, బిరియానీ పక్కన పెట్టుకుని తింటే మాత్రం పని చెయ్యవు."

జెసింతా ముఖం పసుపు లేకుండానే పాలిపోయింది. "మీ మిషన్ చెడిపోయుండాది సిస్టర్. గుండప్ప కాటాకు పోదాం పాండి. ఇదీ ఎత్తుకోండి, పక్కపక్కన పెట్టి చూద్దాం!"

మిషన్ ఏసురత్నం భుజానికెక్కింది. వెనక ఫాదర్, సిస్టర్, ఏంజెలిన్, వాళ్ల వెనక లైనులో సగం.

అంగడి ముందు కామసముద్రం రైతు చెన్నరాయప్ప తన రాగుల మూట కాటా మీద పెట్టి, ముల్లు వైపు దిగులుగా చూస్తున్నాడు. "ఇంటికాడ తూచినప్పుడు ఇంగా ఉండెనే అప్పా."

"దారిలో ఎండకు ఆరిపోయుంటాయిలే" అన్న గుండప్ప తలెత్తి, వస్తున్న ఊరేగింపును చూశాడు. "ఈ పొద్దు కాటా లేదమ్మా! రిపేరీలో ఉండాది!"

"మూట ఎక్కినాది గదా, నేనూ ఎక్కుతా" అని జెసింతా మూటను దింపించి ఎక్కేసింది. అరవై తొమ్మిది. దిగి సిస్టర్ మిషన్ ఎక్కింది. డెబ్బై ఐదు. ఏసురత్నాన్ని ఎక్కించారు. సిస్టర్ మిషన్ మీద డెబ్బై, కాటా మీద అరవై నాలుగు. అతను జన్మలో కషాయం తాగినవాడు కాదు. ఫాదర్‌ను కూడా ఎక్కమంటే నాకెందుకులే అన్నాడు.

ఏంజెలిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే తగ్గనే లేదు. రవిక సంగతి ఏమి మరి?"

జెసింతా కాసేపు రెండు మిషన్లనూ మార్చి మార్చి చూసింది. తరవాత నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "రవిక కుట్లు విప్పించి అతుకు వేయిస్తా వదినా. మీ తమ్ముని పెండ్లి కోటు కూడా పెట్టెలోనే ఉండాది. దాని గుండీ పెట్టి చూపించమను, అప్పుడు మాట్లాడుదువు."

ఏసురత్నం ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఇదే సందని గుండప్పా గట్టిగా నవ్వి, "ఇంతకూ కాటాది తప్పు గాదులేమ్మా. మా అంగడి ఉలవల మహిమ అది. గాలి తగిలినా బరువు తగ్గిపోతాది" అన్నాడు.

చెన్నరాయప్ప నవ్వలేదు. దింపిన మూట మీద చెయ్యి వేసి అడిగాడు.

"అయితే నా రాగులకు కషాయం ఎవురు తాపినారప్పా?"