బామ్మర్ది ఈకల కోటు

యేసురత్నానికి నంద్యాలలో మోటార్లు చుట్టే షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటారు ఎవరు తెచ్చిచ్చినా కొత్త తీగ చుట్టి, తిప్పి చూపించి మరీ పంపుతాడు. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవలసిందే. లోకంలో తిరిగేదేదైనా తనకు తెలుసుననుకుంటాడు చూడండి, చిక్కంతా అక్కడ వస్తుంది.

ఆయన బామ్మర్ది సామ్యేలు లదాఖ్‌లో రోడ్లు వేసే చోట జేసీబీ నడుపుతాడు. సెలవు మీద వచ్చి, సొంతూరు ఉయ్యాలవాడకు పోతూ, తన మంచుకోటును అక్క లూదియా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. నీలం రంగు కోటు. చూస్తే బస్తా అంత ఉబ్బు, ఎత్తితే బరువే లేదు.

"బావా, ఆడ మైనస్ ఇరవై. నాకు ఇదొక్కటే దిక్కు. దీన్ని ముట్టుకోవద్దు," అని మరీ చెప్పాడు. చెప్పకుండా ఉంటే యేసురత్నం ముట్టుకునేవాడు కాదేమో.

బుధవారం పొద్దున నంద్యాలలో కాస్త చలి వేసింది. ఎంత చలి అంటే, ఫ్యాను ఒక నంబరు తగ్గించుకునేంత. ఆ మాత్రం చాలు యేసురత్నానికి. కోటు తొడుక్కుని ఉగ్గాని తినడానికి బయలుదేరాడు. దారిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "లదాఖ్ కోటప్పా" అని చెప్పాడు. నువ్వెప్పుడు పోయినావని ఒకాయన అడిగితే మాట మార్చేశాడు.

హోటల్లో రెండో ముద్దకే చెమట కారింది. అది తుడుచుకోబోతే చేతిలోని మిరపకాయ బజ్జీ జారి రొమ్ము మీద పడింది. నూనె, కారం, పసుపు కలిసి అరచెయ్యంత మరక. శనివారం సాయంత్రం సామ్యేలు రైలెక్కాలి.

గురువారం పొద్దున లూదియా డ్యూటీకి పోయేదాకా ఓపిక పట్టాడు. ఆమె ఆళ్లగడ్డలో విత్తనాల ఫ్యాక్టరీలో గింజలు ఆరబెట్టే పని చూస్తుంది.

"ఏమయ్యా, షాపుకు పోవా?" అంది చెప్పులు తొడుక్కుంటూ.

"కొంచెం ఇంటిపని చూసుకుని పోతా."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జొరం లేదే."

"ఆడోళ్ళకు సాయం చేస్తే జొరమా?"

"సరే. పగలగొట్టేవేవో పాతవి చూసి పగలగొట్టు," అని బస్సుకు వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగ్గానే యేసురత్నం వాషింగ్ మెషిన్ నిండా నీళ్ళు పట్టాడు. మరక పెద్దది కదా అని మూడు గుప్పిళ్ళ సబ్బుపొడి పోసి కోటు వేశాడు. కోటు మునగలేదు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆలోచించి, రుబ్బురోలు పొత్రం తెచ్చి దాని మీద పెట్టి స్విచ్చి వేశాడు.

మెషిన్ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు ఎగిరి ఒక అడుగు ముందుకొచ్చింది. నురగ వంటింట్లోకీ, అక్కడినుంచి వరండాలోకీ పోయింది. మోటార్లు చుట్టేవాడి ఇంట్లో మోటారు కాలిన వాసన వచ్చింది.

కోటు బయటికి తీస్తే మరక చాలావరకు పోయింది. దాంతోపాటు ఉబ్బు కూడా పోయింది. ఉత్త గుడ్డ సంచిలో నాలుగు ముద్దలు అడుక్కి చేరినట్టు వేలాడుతోంది. గట్టిగా పిండబోయి, కుట్టు పర్రుమన్న శబ్దం వినిపించి ఆగిపోయాడు. మిద్దె మీద ఎండలో వేసి వచ్చాడు. గంట తర్వాత పోయి చూస్తే పైగుడ్డ ఆరింది, లోపలి ముద్దలు తడిగానే ఉన్నాయి, తడిసిన కోడి వాసన వస్తోంది, చుట్టూ ఐదు పిల్లులు కూర్చుని ఉన్నాయి.

లోపల దూది ముద్ద కట్టిందనుకున్నాడు. దూది ముద్ద కడితే నంద్యాలలో ఎవరైనా ఏం చేస్తారు? పరుపుల శేషయ్య దగ్గరికి పోతారు. యేసురత్నమూ పోయాడు.

"దీన్ని మిషన్‌లో ఏసి బాగా ఏకు శేషయ్యన్నా. రేపటికల్లా ఉబ్బల్ల."

శేషయ్య ఊడిన కుట్టులో వేలు పెట్టి లాగాడు. వేలికి అంటుకుని వచ్చిందాన్ని ఇద్దరూ చూశారు.

"ఇది దూది గాదప్పా, ఈకలు. బాతువి ఉండొచ్చు."

"కోటులో బాతు ఏందన్నా?"

"నాకేం తెలుసు, నువ్వే గదా ఉతికింది. నా మిషన్‌లో ఏస్తే పొడైపోతాయి. ఆరబెట్టే పని తెలిసినోళ్ళ దగ్గరికి పో," అని ఊడిన కుట్టు మళ్ళీ వేసి ఇచ్చాడు.

ఆరబెట్టడం అనగానే యేసురత్నానికి వెలిగింది. మరుసటి రోజు శుక్రవారం లూదియాకు సెలవు. వాళ్ళ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆనందరావు తన షాపుకు పాత గిరాకీ. గింజలో తడి లాగే యంత్రం కోటులో తడి లాగదా? వెంటనే ఫోన్ చేశాడు. "అన్నా, లూదియాకు మాత్రం చెప్పొద్దు," అని మూడుసార్లు అన్నాడు.

శుక్రవారం పొద్దున లూదియా ఉయ్యాలవాడకు పోయి వస్తానని ముందే బయలుదేరింది. యేసురత్నం కోటును గోతం సంచిలో కట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

ఫ్యాక్టరీలో డ్రయ్యర్ ముందు స్టూలు వేసుకుని ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో పాత దోమతెర, రెండు టెన్నిస్ బంతులు. లూదియా.

"ఉయ్యాలవాడకు పోలేదా?" అన్నాడు, గోతాన్ని వెనక దాస్తూ.

"నువ్వు షాపుకు పోలేదా?"

"ఆనందరావు చెప్పినాడా?"

"ఆయన చెప్పేదానికి ముందే తెలుసు. వరండా తళతళ మెరుస్తాండాది, మెషిన్ కాలింది, మెట్ల మీద పిల్లులు, నీ తలలో ఈక. ఇంకేం కావల్ల నాకు?"

యేసురత్నం గోతం ఆమె ముందు పెట్టాడు. తిట్లకు సిద్ధపడ్డాడు. ఆమె తిట్టలేదు. ముద్దల్ని వేళ్ళతో ఒక్కొక్కటే తడిమి చూసింది.

"తడి ఇంత మిగిలినా ఆడ గడ్డకడతది. లోపల ఉండేది నా తమ్ముడయ్యా," అంది.

ఆ మాటకు యేసురత్నం నిజంగా బెదిరిపోయాడు. బజ్జీ పడ్డప్పుడు మరక గురించే ఆలోచించాడు గానీ, మనిషి గురించి ఆలోచించలేదు.

ముందు ఆయన్ని కుళాయి దగ్గర కూర్చోబెట్టి కోటులోని సబ్బంతా వదిలించింది. నురగ పోయేదాకా తొమ్మిది బకెట్లు. పిండొద్దంది, అరచేతులతో అదమమంది. ఎత్తేటప్పుడు కింద చేతులు పెట్టి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తమంది. తర్వాత డ్రయ్యర్ వేడి తగ్గించింది.

"పెంచితే బేగా ఆరతది గదా?" అన్నాడు మోటార్ల మనిషి.

"పెంచితే విత్తనం చస్తది. ఈక కూడా అంతే. చెయ్యికి వెచ్చగా తగిలితే చాలు."

కోటునూ బంతులనూ దోమతెరలో మూటగట్టి, వేడిగాలి వచ్చే చోట ఆయన చేతికిచ్చింది. బంతులు తగిలి ముద్దలు విడేలా ఊపడం, దులపడం, గంటకోసారి తీసి ముద్దల్ని వేళ్ళతో విప్పడం. జొన్నలు జల్లించే ఆడోళ్ళు వచ్చి చూసి పోయారు. "లూదియక్క కొత్త మోటారు తెచ్చింది," అని ఒకామె అంది. సాయంత్రానికి కోటులో ఒక్కొక్క కుట్టు అర ఉబ్బుతూ వచ్చింది. ఆరినట్టే ఉన్నా వదల్లేదామె. శనివారం మధ్యాహ్నం దాకా ఊపించింది.

సాయంత్రం నంద్యాల స్టేషన్లో సామ్యేలు కోటు తొడుక్కుని చూసుకున్నాడు. "అక్కా, కొత్తదాని మాదిరి ఉండాది. ఎవరు ఉతికినారు?"

యేసురత్నం తల వంచుకున్నాడు.

"మీ బావ. రెండు రోజులు షాపు మూసి మరీ," అంది లూదియా. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఇంటికి వస్తూ ఆయన, "లూదియా, నీ మేలు మర్చిపోను," అన్నాడు. ఆమె నవ్వి, మెషిన్ మోటారు ఎప్పుడు చుడతావని అడిగింది.

పది రోజులకు సామ్యేలు ఫోన్ చేశాడు. "బావా, ఈడ మంచు పడతాండాది. నేను వెచ్చగా ఉండా. నీ చేతిలో ఏముందో గానీ, దేవుడు నిన్ను చల్లగా చూడల్ల."

యేసురత్నానికి కళ్ళు తడిసాయి.

"ఇంకోటి బావా. నా కోటు చూసి మా వాళ్ళు ఐదుగురు వాళ్ళ పాత కోట్లు కూడా ఇచ్చినారు. పార్సిల్ రేపొస్తది. నీకు చానా ఇష్టమైన పని, మొహమాటపడొద్దని అక్క చెప్పింది."

యేసురత్నం ఫోన్ పెట్టేసి భార్య వైపు చూశాడు. లూదియా దోమతెర చిరుగులు కుట్టుకుంటోంది. పక్కన నాలుగు కొత్త బంతులున్నాయి.

"ముట్టుకోవద్దు అన్నప్పుడు ముట్టుకోకపోతే పోయేది గదా," అంది తలెత్తకుండా.

ఆయన లేచి బకెట్లు కడగడానికి వెళ్ళాడు.