బతికున్నవాడికి పాడిన శోకం

ఆ పొద్దున ఆవు పాలు పితకగానే ఎన్నికల ఉపన్యాసం ఒకటి అల్లి పారేద్దామనుకుంది బురుల్చా. కొక్‌సాయ్ ఊళ్లో ఎవరు పోయినా శోకం పాడేది ఆమే. నలభై ఏళ్లలో ఆమె పాటకు ఏడవనివాడు లేడు. వంతెన కొట్టుకుపోయిన ఏడాది అంబులెన్సు అవతలి గట్టున ఆగిపోతే, ఆమె పెనిమిటి ఇవతలి గట్టున పోయాడు. శవాన్ని గుర్రం మీద నది దాటించి అవతల పూడ్చారు. వంతెన లేక, మూడేళ్లయినా ఆమె ఆ సమాధి చూడనేలేదు.

"గెలిపిస్తే వంతెన కట్టిస్తా పెద్దమ్మా," అన్నాడు ఊరిపెద్ద పదవికి నిలబడ్డ ఎసెన్‌కుల్. "నేను నోరు తెరిస్తే గొర్రెలు కూడా కునుకుతున్నాయి. నా తరఫున నువ్వే నాలుగు మాటలు చెప్పు."

"పోయినవాళ్లను పొగడ్డమే వచ్చురా నాకు."

"ఎవరినైతేనేం, పొగడ్త పొగడ్తేగా!"

బడి దగ్గర సభలో మైకు ముందు, శోకం పాడే అలవాటుకొద్దీ జనానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. "మందకు ముందు నడిచిన పొట్టేలా, కొండకే కొమ్మైన ఎసెన్‌కులా..." అని గొంతెత్తింది. ఆడవాళ్లు తలగుడ్డలు కళ్లకద్దుకున్నారు. ఇళ్లలో ఉన్నవాళ్లు అతను పోయాడనే అనుకుని, చావుకు నూనెలో వేయించే బోర్సోక్ రొట్టెలకు పిండి కలిపారు. ఆ నూనె వాసన వీధంతా పాకాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

మైకు అవతలి గట్టుకూ వినిపించింది. అక్కడి మగవాళ్లు గుర్రాలెక్కి, ఆచారం ప్రకారం బావురుమంటూ నదిలో దిగారు. అందరికన్నా ముందు ఎన్నికల్లో అతని పోటీదారు మత్‌కెరిమ్. పగవాడి చావుకైనా రానివాడు మనిషే కాదు మరి.

"ఒరే, నేను బతికే ఉన్నా!" ఎసెన్‌కుల్ గట్టున చేతులూపాడు.

"నువ్వు నోర్మూసుకో బావా!" తడిసి ముద్దయిన బావమరిది కసిరాడు. "ప్రాణాలకు తెగించి దాటొచ్చాం. ఏడుపు సగంలో ఆపితే అరిష్టం."

ఒడ్డుకు తొమ్మిది గుర్రాలు వచ్చాయి. మనుషులు ఎనిమిదిమందే.

మత్‌కెరిమ్ మర్నాడు ఇవతలి గట్టున నది మలుపులో దొరికాడు. తన గొంతే అతణ్ణి నీళ్లలోకి పిలిచిందని బురుల్చాకు తెలుసు. కొత్త మాటలు కట్టడానికి నోరు రాలేదు. పేరు మార్చి నిన్నటి పాటే పాడింది. నిన్నటికన్నా ఎక్కువే ఏడ్చారు. పోటీ లేక ఎసెన్‌కుల్ గెలిచాడు. ఇవతల జరిగిన ఆ చావుకు బయల్దేరిన జిల్లా అధికారులు నది దాటలేక కార్లలోనే కూర్చున్నారు. ఆకురాలే కాలానికల్లా వంతెన లేచింది, మత్‌కెరిమ్ పేరుతో.

మొదటి రోజే బురుల్చా దాని మీదుగా నడిచి వెళ్లి, పెనిమిటి సమాధి పక్కన చతికిలబడింది.

"నీకు పాడింది మత్‌కెరిమ్‌కు పాడినదానికన్నా బాగా కుదిరిందయ్యా. కాకపోతే నువ్వు ఎన్నికల్లో నిలబడలేదు."