అమ్మ చచ్చే సీను

ఒక పెద్ద అడవిలో వరాలు అనే దుప్పి ఉండేది. వయసు ఏడేళ్ళు. ఎవరు ఏం చెప్పినా నెమరేస్తూ వినడం ఆమెకు అలవాటు.

ఆ అడవికి సినిమా పిచ్చి. వరాలు సినిమాల్లో అమ్మ వేషాలు వేసేది. అందులో పెద్ద కష్టమేమీ లేదు. ఇంటర్వెల్ లోపల చావాలి. చచ్చేలోగా రెండు మాటలు అనాలి. మొదట్లో "తిన్నావా నాన్నా?", చివర్లో "వదలొద్దు నాన్నా!" ఈ రెంటి మధ్య తల్లికి చెప్పుకోవలసింది ఏమీ ఉండదని అక్కడి రచయితల గట్టి నమ్మకం.

ఒకరోజు దర్శకుడు చిదంబరం వచ్చాడు. చిదంబరం నక్క. కళ గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. మిగతా వేళల్లో ఒక కన్ను ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

"ఇది మామూలు ఫైటింగ్ సినిమా కాదక్కా. మార్షల్ ఆర్ట్సు! పచ్చి వాస్తవం! ఎముక విరిగితే చప్పుడు చివరి వరసకి వినపడాలి. కానీ విరిగే ప్రతి ఎముక వెనకా ఒక తల్లి మనసుంటుంది. పేరు 'నెత్తుటి జోల'."

"కొడుకెవరు?" అంది వరాలు నెమరేస్తూ.

"ఇంకెవరు, మన ఉక్కుపంజా ప్రళయ్!"

ప్రళయ్ చిరుతపులి. వయసు తొమ్మిదేళ్ళు. తల్లి కన్నా కొడుకు రెండేళ్ళు పెద్దేమిటని గాని, చిరుతకి దుప్పి తల్లేమిటని గాని ఎవరూ అడగలేదు. సినిమా తల్లికి పోలికలు అక్కర్లేదు, చస్తే చాలు.

"ఎవరి మీదా పంజా ఎత్తనని కొడుకు నీకు ఒట్టేస్తాడు. దుమ్ములగొండులు వచ్చి నీ గొంతు కొరుకుతాయి. నీ తల ఒళ్ళో పెట్టుకుని వాడు జోల పాడతాడు. పాట అవగానే లేచి వాటి దవడలు చీలుస్తాడు. ఒక దవడ చీల్చడం, ఒక గోరుముద్ద. ఒక వెన్ను విరవడం, ఒక ఉయ్యాల. చూసేవాడు ఏడవాలా, ఈల వెయ్యాలా తెలీక చావాలి!"

"చచ్చాక కూడా నేను ముద్దలు పెట్టాలా?"

"ఫ్లాష్‌బ్యాక్‌లో అక్కా."

"చచ్చినా వంట తప్పదన్నమాట," అంది వరాలు. వేషం మాత్రం ఒప్పుకుంది. దుప్పికి వేరే వేషాలు ఎవరిస్తారు?

షూటింగ్ మొదలైంది. ప్రళయ్ తాత పెద్ద వేటగాడు. తండ్రి వేటగాడి కొడుకు. ప్రళయ్ ఆ కొడుక్కి కొడుకు. చర్మం ఒలిచి పెడితే గాని మాంసం ముట్టడు. ఫైట్ మాస్టరు జంబులింగం అనే ఎలుగుబంటి ఎంత నేర్పినా గాలిని తప్ప ఎవర్నీ తన్నలేదు. గాలి మాత్రం హడలిపోయేది. దెబ్బ తగలాల్సిన చోట డూపు దూకేవాడు. అది పెద్ద ఇబ్బంది కాలేదు. చిక్కల్లా ఏడుపు దగ్గరే వచ్చింది. ఏడుపుకి డూపు ఉండడు.

ఉల్లిపాయలు పిండారు. మిరపకాయలు నలిపారు. చిన్నప్పుడు పోయిన అమ్మమ్మని తలుచుకోమన్నారు. ఏం చేసినా ప్రళయ్ ఏడుపు ఆవలింతలాగే ఉంది.

ఆ సాయంత్రం వరాలు వాగులో నీళ్ళు తాగుతుంటే జంబులింగం వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. రెండు పంజాలూ జోడించి, "అమ్మా, మీలాంటి కళాకారిణి మళ్ళీ పుట్టదు," అన్నాడు.

"నేనింకా పోలేదు కదా మాస్టారూ."

జంబులింగం నాలిక కరుచుకున్నాడు. అతను ఆ షూటింగులో అందరికన్నా బలవంతుడు, అందరికన్నా మెత్తనివాడు. రోజంతా ఎముకలు విరిచే కిటుకులు నేర్పి, సాయంత్రం సీతాకోకచిలుక రెక్క తెగిందని ఏడుస్తాడు. దాచుకోవడం చేతకాదు.

"రేపు చచ్చే సీను కదమ్మా. దుమ్ములగొండులకి తిండి మాన్పించి ఉంచాడు దర్శకుడు. మీ గొంతుకి రంగు కాకుండా నిజం నెత్తురు పూస్తాడుట. ఆ వాసనని బట్టి అవి... అప్పుడు గాని హీరోకి నిజం కన్నీళ్ళు రావని..."

వరాలు దవడ ఆగిపోయింది.

"నాకు చెప్పాలనిపించలేదా ఆయనకి?"

"చెబితే సహజత్వం పోతుందన్నాడమ్మా."

"చంపితే విచారణ ఉండదూ?"

"షూటింగులో పోతే ఉండదు కదా. కళ కోసం జరిగినదానికి ఎవరూ బాధ్యులు కారని మన సినిమా మండలి రూలు. మీకు 'త్యాగమూర్తి' బిరుదు ఇస్తారు. సంతాప సభలో నేనే మాట్లాడాలి." జంబులింగం వెక్కాడు. "చాలా బాగా రాసుకున్నానమ్మా."

"నేను ఈ రాత్రే వెళ్ళిపోతే?"

"మీ చెల్లెలు చంద్రిని పెడతారుట."

"దానికి మూడేళ్ళయ్యా! తొమ్మిదేళ్ళవాడికి తల్లా?"

"మేకప్ వేస్తారుటమ్మా."

వరాలు వెళ్ళలేదు.

మర్నాడు వాగు ఒడ్డున అభిమానులు పోగయ్యారు. జింక పోతులు, అడవి దున్నలు, మగ కోతులు అందరూ అమ్మ కోసం ఏడవడానికి సిద్ధంగా వచ్చారు. చిదంబరం స్వయంగా వరాలు గొంతుకి దట్టంగా నెత్తురు పూశాడు. "కదలకుండా పడుకో అక్కా, చాలు," అన్నాడు. పొదల వెనక దుమ్ములగొండుల కడుపులు గురగురమంటున్నాయి.

"యాక్షన్!"

వరాలు పడుకోలేదు. "నాన్నా! నా బంగారూ!" అంటూ ప్రళయ్‌ని కావలించుకుంది. గొంతు తెచ్చి వాడి మెడకి రాసింది. చెవులకి రాసింది, వీపుకి రాసింది. ఏ తల్లీ కొడుకుని అంత శ్రద్ధగా నిమిరి ఉండదు.

"ఏంటీ జిడ్డు?" అని గొణిగాడు ప్రళయ్ పెదవులు కదపకుండా.

"నిన్న రాసిన సీనులో ఇది లేదు," అన్నాడు జంబులింగం.

"నోర్ముయ్. తల్లి మనసు పొంగింది. ఆపకండి!" అన్నాడు చిదంబరం, కళ్ళు మూసుకుని. రెండూ మూసుకున్నాడు.

వరాలు కొడుకుని వదిలి వాగులోకి దూకింది. మునిగి, కడుక్కుని, అవతలి ఒడ్డున తేలింది. అప్పటికి దుమ్ములగొండులని వదిలేశారు. పాపం, వాటికి కథ తెలీదు. వాసన తెలుసు.

"అమ్మా!" అని అరిచాడు ఉక్కుపంజా. కళ్ళ నిండా నీళ్ళు. మొదటిసారి.

అభిమానులు ఈలలు వేశారు.

"కాపాడండ్రా! నిజంగా కొరుకుతున్నాయిరా!"

"డైలాగు అదిరింది అన్నా!"

నేర్చుకున్న తన్నుల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రళయ్ టేకు చెట్టెక్కాడు. కుడి చెవీ తోకా కిందే ఉండిపోయాయి. ఒక కోతి అభిమాని ఆ తోక కోసం దుమ్ములగొండితో కలబడి వేలు పోగొట్టుకుంది.

విషయం సినిమా మండలికి వెళ్ళింది. మండలికి పెద్ద ఒక ఏనుగు. చిదంబరం రొమ్ము బాదుకున్నాడు.

"అయ్యా, ఇది కావాలనే చేసింది! నెత్తురు వాడికి పూసింది! ఒక్క మాట ముందు చెప్పిందా?"

"చెబితే సహజత్వం పోతుందనుకున్నాను దర్శకుడుగారూ," అంది వరాలు నెమరేస్తూ.

ఏనుగు చెవులు విసురుకుంటూ చాలాసేపు ఆలోచించింది. రూలు తీసేస్తే పాత చావులన్నీ బయటికొస్తాయి. ఆ చావులు జరిగిన సినిమాల్లో సగం ఏనుగే తీసింది. "కళ కోసం జరిగినదానికి ఎవరూ బాధ్యులు కారు," అని లేచి పోయింది.

సినిమా విడుదలైంది. బాగా ఆడింది. అమ్మ వాగులో దూకి చచ్చిపోయిందనుకుని మగ జంతువులన్నీ వెక్కి వెక్కి ఏడ్చి, ఇళ్ళకి పోయి, మేత ఆలస్యమైందని పెళ్ళాల్ని కుమ్మాయి. ప్రళయ్ ఇప్పుడు తండ్రి సెంటిమెంటు కథలైతేనే వింటానంటున్నాడు.

మరుసటి ఏడు వరాలు తనే ఒక సినిమా తీసింది. అందులో తల్లి చివరిదాకా బతికే ఉంటుంది. ఆడలేదు.

నీతి: అమ్మను జనం ప్రేమించాలంటే ముందు అమ్మ చావాలి.