పనివేళ ఇంట్లో దొరికినవారే శ్రామికులు

యుద్ధం గెలవాలంటే శత్రువు దగ్గర ఎన్ని విమానాలున్నాయో తెలియకపోయినా ఫరవాలేదు గానీ, మా ఊళ్లో నాట్లు వేసేవాళ్లు ఎంతమందో మాత్రం తెలిసి తీరాలి. అందుకే సరిహద్దులో కాల్పులు మొదలైన నాలుగో రోజున ‘యుద్ధకాల గ్రామ శ్రమగణన విభాగం’ పుట్టింది. (అయిదో రోజుకల్లా దానికి ఒక డైరెక్టరు, ఇద్దరు జాయింటు డైరెక్టర్లు, ఒక యాప్ సమకూరాయి. కుర్చీలు ఇంకా రావాలట.)

మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఉన్న ఊరు. యుద్ధం కాబట్టి డీజిలుకు రేషను పెట్టారు. శ్రామిక కార్డు ఉంటేనే నలభై లీటర్లు. ఆ కార్డు రూతుకు కావాలి. ఆమె బ్రహ్మానందం గారి ఎకరం కౌలుకు చేస్తోంది. కాలవ చిట్టచివరి భూమి, నీళ్లు వాటంతట అవి రావు, ఇంజను పెట్టి తోడాల్సిందే. నారు ముదిరిపోతోంది. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే గేదెలకు వేసుకోవడమే.

విభాగం వారి నాలుగో నిబంధన చాలా స్పష్టంగా ఉంది. శ్రామికుడనగా పనివేళల్లో, అంటే తొమ్మిది నుంచి అయిదు లోపల, తన నివాసంలో ఫొటో దిగిన వ్యక్తి.

లెక్క రాయడానికి దీప్తి అనే అమ్మాయిని పంపారు. మంచి పిల్ల. ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. ఎక్కడ చూసినా తాళాలే. రూతు పదిహేడు మంది ఆడవాళ్ల ముఠాతో పొద్దున్నే ఆటో ఎక్కి నగరం అనే ఊరి వైపు నాట్లకు వెళ్లిపోయింది. మంచాన పడ్డవాళ్లను, చంటిపిల్లలను యాప్ ఒప్పుకోలేదు. చివరికి దొరికింది బ్రహ్మానందం గారు. తెనాలిలో ఆయనకు సిమెంటు కొట్టు ఉంది. పాత ఇంటి తాళం మార్పించడానికి వచ్చి, ఫ్యాను కింద పడక్కుర్చీలో ఉన్నారు. యాప్ ఆయన్ను చూడగానే పచ్చగా వెలిగింది.

అదే పూట నగరం దగ్గర ఇంకో యాప్, పొలంలో పద్దెనిమిది మంది కొత్తవాళ్లను పట్టేసింది. యుద్ధకాలంలో ఊరికి చెందనివారు పొలంలో కనిపిస్తే అపరిచితులు (ఏడో నిబంధన). కానిస్టేబులు వచ్చి గట్టు మీద నిలబడి, ఎక్కడివాళ్లని అడిగాడు.

“రేపల్లె దారిలోనండి,” అంది రూతు, నాటడం ఆపకుండా. “మీరు కాస్త పక్కకి జరగండి బాబూ, నారుకట్ట తొక్కుతున్నారు.”

మర్నాడు రూతు కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇంట్లోనే కూర్చుంది. దీప్తి వచ్చి ఫొటో తీసింది. యాప్ ఎర్రబడింది.

“పని లేనివారు అని వస్తోంది రూతక్కా.”

“అదేంటమ్మా? బ్రహ్మానందం గారు కూడా ఇంట్లోనే ఉన్నారుగా నిన్న?”

“ఆయనకి పొలం పాస్‌బుక్కు ఉందక్కా. అదుంటే ఇంట్లో ఉన్నా పనిలో ఉన్నట్టే. అది లేనివాళ్లు పనివేళ ఇంట్లో ఉంటే పని లేనట్టు.”

“మరి పనిలో ఉంటే?”

దీప్తి నిబంధనలు మళ్లీ చదివింది. “ఊళ్లో లేనట్టక్కా,” అంది. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

నాకు కోపం వచ్చిందని రాస్తే విభాగం వారు నొచ్చుకుంటారు. వచ్చింది. వారం తిరిగేసరికి పంచాయతీ గోడ మీద నివేదిక అంటించారు. జనాభా పన్నెండు వందల ఆరు. శ్రామికులు ఒకరు.

ఆ ఒక్క శ్రామికుడు ఆదివారం కారులో వచ్చారు, చేను ఎలా ఉందో చూసుకుందామని. డిక్కీలో రెండు డబ్బాల రేషను డీజిలు ఉంది. (కొట్టులో జనరేటరుకు పనికొస్తుందని ఉంచుకున్నారట.) చేను బీటలు తీసి ఉంది. రూతు, ముఠా గట్టు మీద కూర్చుని ఉన్నారు.

“ఏంటి రూతూ, ఇంకా నాట్లు పడలేదేంటి?”

“ఊళ్లో పనిచేసేవాళ్లు లేరంటండి. మీరొక్కరేనంట. గోడ మీద కూడా రాశారు.” రూతు లేచి ఒక నారుకట్ట ఆయన చేతిలో పెట్టింది. “నారు ముదిరిపోతోందండి. దిగండి.”

బ్రహ్మానందం గారు నారుకట్ట వైపు, తన తెల్ల ప్యాంటు వైపు, గట్టు మీదున్న పద్దెనిమిది మంది వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆయన వెనక్కి వెళ్లి డిక్కీ తీశారు. ఆ మధ్యాహ్నానికే ఇంజను మొదలైంది. మర్నాడు బురద దున్ని దమ్ము చేశారు, ఆ మర్నాడు ముఠా అంతా దిగి పొద్దు వాలకముందే ఎకరం నాటేసింది.

యుద్ధం ఆగిపోయాక, ఒక ఎకరాన్ని ఒకే రోజులో ఒక్కరే నాటినందుకు బ్రహ్మానందం గారికి బాపట్లలో విభాగం వారు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టడానికి జనం కావాలని రూతు ముఠాను ఆటోల్లో తీసుకెళ్లారు. ఆ రోజు మాత్రం పద్దెనిమిది మందికీ పనిలో ఉన్నట్టు హాజరు వేశారు.